కొత్తవాళ్ళని పిట్టలు చూడటానికి తీసుకెళ్ళడం ఎలా?

ఆదివారం పొద్దున్నే పదిమందిని పోగేసి చెరువు గట్టుకి తీసుకెళ్ళడం పెద్ద పనేం కాదు. వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడితే వచ్చేస్తారు. వాళ్ళలో సగం మందైనా తర్వాతి ఆదివారం మళ్ళీ రావడమే కష్టం. కర్నూలు చుట్టుపక్కల ఇలా ఉత్సాహంగా మొదలై నెల తిరిగేసరికి ముగ్గురు కెమెరావాళ్ళు మాత్రమే మిగిలిన గ్రూపుల్ని చాలా చూశాను. అడిగితే "మనవాళ్ళకి ఆసక్తి లేదండీ" అంటారు. నేను ఒప్పుకోను. ఆసక్తి లేనివాళ్ళు ఆదివారం నిద్ర మానుకుని ఐదున్నరకి బండి తీయరు. వచ్చారు, నిలబడ్డారు, పక్కవాళ్ళు "అబ్బా ఏం రంగు!" అంటుంటే విన్నారు, తమకి మాత్రం ఆకులు తప్ప ఏమీ కనబడలేదు, ఇంటికి వెళ్ళిపోయారు. మళ్ళీ రాకపోవడానికి అది చాలు.

కొత్తగా వచ్చిన మనిషికి ఆ పొద్దున కనీసం ఒక్క పిట్టనైనా సరిగ్గా, తీరిగ్గా, కళ్ళ నిండా చూపించారా లేదా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. మిగతావన్నీ దాని తర్వాతే. కాబట్టి ఇక్కడ ఎక్కువగా రాసేది దాని గురించే, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఎప్పుడు, ఎక్కడ, ఎంతమంది

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. మన ఎండల సంగతి తెలిసిందే, మార్చి దాటాక ఎనిమిది గంటలకే మనుషులు నీడ వెతుక్కుంటారు, పిట్టలు మనకంటే ముందే వెతుక్కుంటాయి. ఆరున్నరకి నడక మొదలు, తొమ్మిదికి ముగింపు. మొదలుపెట్టడానికి ఒక రోజు కావాలనుకుంటే పిట్టల శాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజు నవంబర్ 12 ఉంది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతా జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ కూడా బాగుంటుంది, 15 నిమిషాలు ఒకచోట నిలబడి కనబడిన పిట్టల్ని లెక్కపెట్టి రాస్తే చాలు కాబట్టి కొత్తవాళ్ళకి భయం ఉండదు.

మొదటిసారికి ఊరికి దగ్గరగా ఉన్న చెరువే మంచిది. కర్నూలు వాళ్ళకి నందికొట్కూరు రోడ్డులో గార్గేయపురం చెరువుంది, తుంగభద్ర మీద సుంకేసుల ఉంది. అనంతపురం వాళ్ళకి శింగనమల, బుక్కరాయసముద్రం చెరువులు. నీళ్ళ పక్కన పిట్టలు పెద్దవి, నెమ్మదిగా కదిలేవి, ఎదురుగా కనిపించేవి. నీటికాకి రెక్కలు చాచి ఎండకి ఆరబెట్టుకుంటూ నిమిషాల కొద్దీ అలాగే కూర్చుంటుంది, ఎవరికైనా చూపించొచ్చు. అడవిలోకి తీసుకెళితే చెట్ల మీద నుంచి కూతలే వినబడతాయి, మెడలు నొప్పి పుడతాయి. కొత్తవాళ్ళని మొదటిసారే అడవికి తీసుకెళ్ళకూడదు, అంతే.

రోళ్ళపాడు గురించి చాలామంది అడుగుతారు. 1988లో బట్టమేక పిట్టల కోసం ఏర్పాటైన అభయారణ్యం అది, 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డి మైదానం. బట్టమేక పిట్ట పేరు చెప్పి జనాన్ని తీసుకెళ్ళకండి, అక్కడ అది కనబడక ఏళ్ళు గడిచాయి. దాన్ని చూపిస్తామని ఆశపెట్టి తీసుకెళితే కళ్ళ ముందు ఏం కనబడినా వెలితిగానే ఉంటుంది. చలికాలం సాయంత్రం పిల్లిగద్దల కోసం వెళ్ళండి. మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే ఆ గద్దలు చెట్ల మీద కాకుండా గడ్డిలో నేల మీదే రాత్రి గడుపుతాయి. పొద్దు వాలే వేళకి ఒక్కొక్కటే వచ్చి గడ్డిని రాసుకుంటున్నట్టు తక్కువ ఎత్తులో తిరుగుతాయి. కృష్ణ జింకలు ఎలాగూ ఉంటాయి. అయితే అది మూడో నాలుగో నడక, మొదటిది కాదు. గేటు దగ్గర అటవీశాఖ వాళ్ళకి చెప్పి, వాళ్ళు చూపించిన దారిలోనే నడవాలి.

పదిమందికి మించొద్దు. పదిహేను మంది అయితే అది ఊరేగింపు. ఎక్కువమంది వస్తామంటే రెండు జట్లు చేసి రెండు వైపుల నుంచి పంపండి, టిఫిన్ దగ్గర కలవండి. ఇద్దరు కొత్తవాళ్ళకి ఒక పాత మనిషి ఉండాలి. అందరికంటే వెనక నడిచే మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషి పిట్టల కోసం కాదు, మనుషుల కోసం. ఎవరు వెనకబడ్డారు, ఎవరికి విసుగొస్తోంది, ఎవరు ఫోన్ తీశారు అన్నది చూసేది వాళ్ళే. పిల్లలూ, పొట్టివాళ్ళూ ముందు, పొడుగువాళ్ళు వెనక.

సామాను

బూట్లు, టోపీ, నీళ్ళ సీసా, మట్టి రంగు బట్టలు. తెల్ల చొక్కా వద్దు. గట్ల మీద పాములుంటాయి, చెప్పులతో రావద్దని ముందే చెప్పండి.

బైనాక్యులర్ 8x42 కొనండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందున్న అద్దం 42 మిల్లీమీటర్లు కాబట్టి తెల్లవారుజామున కూడా వెలుతురు సరిపోతుంది. 10 రెట్లది ఇంకా దగ్గరగా చూపిస్తుంది కదా అంటారు. దగ్గరగా చూపిస్తుంది, చెయ్యి వణుకుని కూడా అంతే పెద్దది చేసి చూపిస్తుంది. కొత్తవాళ్ళ చేతికి పది రెట్లది ఇవ్వకూడదు. గ్రూపుకి రెండు మూడు ఉంటే చాలు, మార్చుకుంటూ చూడొచ్చు.

బయల్దేరే ముందు ఐదు నిమిషాలు అందరినీ బైనాక్యులర్‌లో కరెంటు తీగని చూడమనండి. రెండు గొట్టాల మధ్య దూరం కళ్ళకి సరిపోయేలా వంచి, కుడికన్ను మూసి మధ్య చక్రం తిప్పి తీగ స్పష్టంగా కనబడేలా చేసుకోవాలి. తర్వాత ఎడమకన్ను మూసి కుడి గొట్టం మీదున్న చిన్న రింగు తిప్పాలి. ఆ రింగు సంగతి తెలియకుండా ఏళ్ళ తరబడి మసకగా చూస్తున్నవాళ్ళున్నారు. కళ్ళద్దాలున్నవాళ్ళు రబ్బరు కప్పుల్ని లోపలికి నొక్కేయాలి, అద్దాలు తీయనక్కర్లేదు. పట్టీ మెడలో ఉండాలి, చేతికి చుట్టుకోకూడదు.

ఫోన్‌లో మెర్లిన్ యాప్ పెట్టుకోండి, కూత వినిపిస్తే పేరు చెబుతుంది, ఉచితం. నా నడకల్లో మాత్రం మొదటి అరగంట ఫోన్లు జేబులోనే ఉంటాయి. ఫోన్ పేరు చెప్పగానే అందరి తలలూ తెర మీదకి వంగుతాయి, పిట్ట పైన ఉంటుంది. ఆ యాప్‌లోని కూతలు పెద్దగా మోగించి పిట్టని దగ్గరికి రప్పించే పని ఎవరు చేసినా అక్కడికక్కడే ఆపించండి. ఇంకో మగపిట్ట తన చోట్లోకి వచ్చిందనుకుని అది గూడు, తిండి వదిలి కొట్లాటకొస్తుంది. మనకి ఒక ఫోటో, దానికి పొద్దున్నంతా టెన్షన్.

మొదటి పిట్ట ఏది?

ఇది నాయకత్వం వహించేవాళ్ళు ముందే అనుకుని పెట్టుకోవాలి. కనబడిన మొదటి పిట్టని చూపించేయడం కాదు. బండ్లు ఆపిన చోటి నుంచి గట్టు దాకా నడిచే దారిలో కరెంటు తీగల మీద పాలపిట్ట ఉంటే అంతకంటే మంచి మొదటి పిట్ట లేదు. దసరాకి చూడాలని చిన్నప్పుడు పెద్దవాళ్ళు చెప్పగా విన్న పిట్ట కదా, పేరు అందరికీ తెలుసు. కూర్చున్నప్పుడు గోధుమరంగులో సాదాగా ఉంటుంది, కాబట్టి "ఇదేనా?" అంటారు. ఆగమనండి. అది పురుగు కోసం కిందికి దూకినప్పుడు రెక్కల్లోని రెండు నీలాలూ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ఆ క్షణం చూసిన మనిషికి ఇంకేం చెప్పనక్కర్లేదు.

పసుల పోలిగాడు కూడా మంచిదే, తోక చీలి ఉంటుంది, పొరబడే వీల్లేదు, మేసే బర్రె వీపు మీదే ఎక్కి కూర్చుంటుంది. లకుముకి పిట్ట సరే. చెట్ల గుబుర్లలో గంతులేసే చిన్న పిట్టల్ని మాత్రం మొదటి గంట పట్టించుకోవద్దు, అవి ఎంత అరుదైనవైనా సరే. పాతవాళ్ళు ఇక్కడే గాడి తప్పుతారు. అరుదైనది కనబడగానే కొత్తవాళ్ళని వదిలేసి నలుగురూ అటు పరిగెడతారు. మీ లిస్టు పెంచుకునే రోజు వేరే పెట్టుకోండి.

పక్కవాళ్ళకి చూపించడం

అందరూ తేలిగ్గా తీసుకునేదీ, అందరూ పాడుచేసేదీ ఇదే.

"అదిగో! అదిగో! ఆ కొమ్మ మీద! కనబడలేదా?" చెరువు గట్టున ఎక్కువగా వినిపించే మాట ఇదే. ఆ చెట్టుకి నూరు కొమ్మలుంటాయి. చెప్పేవాళ్ళకి పిట్ట కనబడుతోంది కాబట్టి కొమ్మ ఒక్కటే అనిపిస్తుంది. వినేవాళ్ళకి అది అర్థం లేని మాట. పైగా చెయ్యి చాచి వేలు చూపిస్తారు. మీ భుజం దగ్గర నుంచి చూస్తే వేలు పిట్ట వైపే ఉంటుంది, రెండడుగుల పక్కన నిలబడ్డ మనిషికి ఆ వేలు ఇంకో చెట్టుని చూపిస్తుంది. ఇక గాల్లోకి ఒక్కసారిగా లేచిన చెయ్యిని మనుషుల కంటే ముందు గమనించేది పిట్టే. ఎగిరిపోతుంది. "అయ్యో, భలే ఉండిందే" అని చివర్లో అంటారు చూడండి, అది ఇంకా ఘోరం.

ముందు మీరు ఆగండి. మీరు ఆగితే గుంపు ఆగుతుంది. ఆగిన చోటే ఉండండి, దగ్గరికి పోవద్దు. గొంతు పెంచకుండా, గుసగుసలాడకుండా మామూలు స్వరంలో మాట్లాడండి. సూర్యుడు మీ వీపు వైపు లేకపోతే చూపించడం మానేసి, గుంపుని నెమ్మదిగా అటువైపు నడిపించి అప్పుడు మొదలుపెట్టండి. ఎదురెండలో పిట్ట నల్లని మచ్చ మాత్రమే. ఈలోపు అది ఎగిరిపోతే పోనీ, ఇంకొకటి వస్తుంది.

ఆ తర్వాత పెద్దదాని నుంచి చిన్నదానికి రావాలి, ఒక్కో మెట్టు దగ్గరా ఆగాలి. "ఎదురుగా ఒంటరిగా ఉన్న చింతచెట్టు కనబడిందా అందరికీ?" అందరూ ఔనన్నాకే రెండో మాట. "దాని మాను రెండుగా చీలింది కదా, కుడివైపు పోయేది పట్టుకోండి." మళ్ళీ ఆగాలి. "దాని మీద చిరిగిన గాలిపటం ఇరుక్కుంది, చూశారా?" మళ్ళీ ఆగాలి. ఇదంతా ఉత్త కళ్ళతోనే. ఇంకా ఎవరూ బైనాక్యులర్ ఎత్తకూడదు. గుర్తులు లేని చెట్టయితే దాన్ని గడియారం అనుకోమనండి, నడినెత్తి పన్నెండు, కుడి అంచు మూడు, "రెండు గంటల దగ్గర, అంచు నుంచి కొంచెం లోపలికి" అంటే పిల్లలు కూడా పట్టేస్తారు. గట్టు అవతల, నీళ్ళ మీద అయితే చెయ్యి చాచి పిడికిలి బిగించి కొలవమనండి, "ఆ తెల్లరాయికి ఎడమ పక్కన రెండు పిడికిళ్ళ దూరం" అని.

పిడికిలి ఎందుకంటే, బైనాక్యులర్‌లో కనబడే గుండ్రం మొత్తం చాచిన చేతి పిడికిలి అంత కూడా ఉండదు. కొత్తవాళ్ళు తప్పిపోయేది అందుకే. ముందే దాన్ని కళ్ళకి ఆనించుకుని ఆకాశమంతా వెతుకుతారు, అలా వెతికితే దొరకదు. ఉత్త కళ్ళతో ఆ చోటు పట్టుకుని, చూపు అక్కడే నిలిపి, తల కదల్చకుండా, కళ్ళకీ ఆ చోటుకీ మధ్యలోకి బైనాక్యులర్‌ని ఎత్తి తేవాలి. కిందికి చూసి బైనాక్యులర్ పట్టుకుని మళ్ళీ పైకి చూశారంటే చోటు పోయినట్టే. నడక మొదలయ్యే ముందు తీగ మీద ఇది నాలుగైదుసార్లు చేయించండి, తర్వాత చాలా సమయం మిగులుతుంది.

పిట్ట పేరు అప్పుడే చెప్పొద్దు. పేరు చెప్పగానే మనిషి కళ్ళతో చూడటం మానేసి, ఆ పేరుకి తగ్గ బొమ్మ ఏదో మనసులో పెట్టుకుని దాన్ని వెతుకుతాడు. పిట్ట ఎంత పెద్దది, కాకి కంటే చిన్నదా, పిచ్చుక కంటే పెద్దదా, ఏం చేస్తోంది, అంతే చెప్పండి. "మైనా అంత, బూడిదరంగు, మధ్యమధ్యలో తల పైకీ కిందికీ ఆడిస్తుంది." కదలికే అన్నిటికంటే తొందరగా కంటికి దొరుకుతుంది. అందరూ చూశాక పేరు చెబితే ఆ పేరు ఇక మరిచిపోరు.

ఇప్పుడు అసలు చిక్కు. కనబడకపోయినా "ఆఁ, కనబడింది" అంటారు. పదిమందిలో ముగ్గురైనా అంటారు, మన వల్ల అందరూ ఆగిపోయారనే మొహమాటం. పెద్దవాళ్ళూ, ఉద్యోగస్తులూ ఎక్కువ అంటారు, పిల్లలు అనరు. దీన్ని పట్టుకోకపోతే మీరు చేసిందంతా వృథా. అలాగని "నిజంగా కనబడిందా?" అని అడిగితే నిజంగానే అంటారు. నేను అడిగేది వేరు: "అది ఎటు చూస్తోంది, మనవైపా, అవతలికా?" చూసినవాళ్ళు వెంటనే చెప్పేస్తారు, చూడనివాళ్ళు తడబడతారు.

పైన చెప్పిన చింతచెట్టు గార్గేయపురం దారిలోదే, దాని తొర్రలో పైడికంటె అనే చిన్న గుడ్లగూబల జంట ఉండేది. ఒక టీచరమ్మ మొదటిసారి వచ్చారు. అందరితోపాటు తల ఊపుతున్నారు. "మేడం, కళ్ళు తెరిచుందా మూసుకుందా?" అని అడిగాను. బైనాక్యులర్ దించేసి, "నాకు తొర్రే కనబడలేదండీ" అన్నారు. నేను ఆమె వెనక ఒక పక్కకి నిలబడి, ఆమె ఎత్తుకి వంగి, ఆమె భుజం మీదుగా చూస్తూ మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. మాను, చీలిక, కుడికొమ్మ, గాలిపటం. గాలిపటం దగ్గర ఆగిపోయారు, ఆకుల్లో దాని తోక మాత్రమే కనిపిస్తోందన్నారు. "తోక చివర నుంచి జానెడు పైకి రండి, బెరడు మీద నల్లగా ఒక గుంట." నిశ్శబ్దంగా ఉండిపోయారు. తర్వాత "అమ్మా, నన్నే చూస్తోంది" అన్నారు. పసుపు కళ్ళు, పైన తెల్లని కనుబొమలు, తొర్ర అంచు మీద గోళ్ళు, ఒక్కొక్కటీ ఆమే నాకు చెబుతున్నారు. ఆ తర్వాతి వారం స్కూలు పిల్లల్ని నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చారు.

ఇలా వెనక నిలబడి చూపించేటప్పుడు తల పట్టుకుని తిప్పడం, భుజం మీద చెయ్యి వేయడం వద్దు. చిన్నపిల్లలైనా సరే, అడిగి చేయండి. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు రెండోసారి రాకపోవడానికి ఇది కూడా ఒక కారణమని చాలామంది అన్నలకి తట్టదు. వీలైతే ఆడవాళ్ళకి చూపించే పని గ్రూపులోని అక్కలకే అప్పగించండి.

ఎగిరే పిట్టని చూపించేటప్పుడు "అదిగో" అనే మాటే రానీయకండి. ఎక్కడ, ఎటు, ఎంత ఎత్తులో, ఈ మూడు చెప్పండి. "నీళ్ళ మీద, ఎడమ నుంచి కుడికి, అవతలి గట్టు ఎత్తులో, ఇప్పుడు తాటిచెట్టు దాటుతోంది." రేడియోలో క్రికెట్ కామెంటరీలాగా ఆపకుండా చెబుతూ పోవాలి. పిట్ట వెళ్ళబోయే చోటు చెబితే ఇంకా మంచిది, వాళ్ళు ముందే అక్కడ చూపు పెట్టి ఉంచుతారు.

"అంత పెద్దది, కనబడకపోవడమేంది?" అనే మాట గ్రూపులో ఎవరి నోటా రాకూడదు. ఒక్కసారి వచ్చినా ఆ మనిషి మళ్ళీ అడగడు, తల ఊపడం మొదలుపెడతాడు.

కెమెరాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పెద్ద లెన్సులున్నవాళ్ళు అందరూ ఒక్కసారి చూసేదాకా వెనకే ఉండాలి. ఇది నా నడకల్లో మార్పులేని నియమం, దీనికి కోపం వచ్చి మానేసినవాళ్ళున్నారు, మానేయనీ. ఫోటోగ్రాఫర్ ఒక్కో అడుగు ముందుకేస్తుంటే పిట్ట ఒక్కో కొమ్మ వెనక్కి పోతుంది, చివరికి ఒకరికి ఫోటో, తొమ్మిదిమందికి ఖాళీ చెట్టు. ఒక కెమెరాల గుంపు పనిగట్టుకుని ఒక గట్టు మీద తీతువు పిట్ట గుడ్ల చుట్టూ అరగంట కూర్చోవడం చూశాను, పాపం ఆ పిట్ట నెత్తి మీద తిరుగుతూ అరుస్తూనే ఉంది, గులకరాళ్ళ మధ్య గుడ్లు ఎండకి వేగుతున్నాయి. తీతువు మీ మీదకి దూకుతూ అరుస్తోందంటే మీరు గుడ్ల దగ్గరే ఉన్నట్టు. కింద చూసి అడుగేస్తూ వచ్చిన దారినే వెనక్కి పోవాలి.

లేజర్ లైటుతో కొమ్మ చూపించేవాళ్ళు కూడా తయారయ్యారు. పని తేలికే, ఒప్పుకుంటాను. అది పిట్ట కంట్లో పడితే కన్ను దెబ్బతినొచ్చు. మాటలతో చూపించడం నేర్చుకుంటే లైటు అవసరమే రాదు.

దారిలో కలిసేవాళ్ళు

గట్టు మీద గొర్రెలు తోలుకుపోయే అన్న, బట్టలు ఉతికే అమ్మ, వలలు వేసేవాళ్ళు. మనం మెడలో నల్ల డబ్బాలు వేలాడదీసుకుని గుంపుగా వస్తే సర్వే వాళ్ళమనో, పోలీసులమనో అనుకుంటారు. ముందు మీరే పలకరించండి, ఏం చేస్తున్నామో చెప్పండి, బైనాక్యులర్ చేతికిచ్చి చూడమనండి. ఆ తర్వాత వాళ్ళే చెబుతారు, "అన్నా, ఆ కంపచెట్ల కాడ పొద్దున్నే కౌజులుండాయి, సప్పుడు చేయకుండా పోండి" అని. ఆయన చెప్పిన పేరు పుస్తకంలో లేకపోయినా సరిచేయొద్దు, రాసుకోండి.

ఈ మాట ఊరికే మర్యాద కోసం చెప్పడం లేదు. కలివికోడి అనే పిట్టని 1848లో జెర్డన్ అనే సైనిక వైద్యుడు లోకానికి తెలియజేశాడు, 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన కడప జిల్లాలో, లంకమల అడవుల్లో మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఊళ్ళలో తిరిగి బొమ్మలు చూపించి అడిగితే, రాత్రిపూట టార్చి లైటు వెలుగులో దాన్ని పట్టుకుంది ఆ చుట్టుపక్కల ఊరి మనిషే. రాత్రి తిరిగే పిట్ట సంగతి రాత్రి తిరిగే మనిషికే తెలుస్తుంది. ఇక హిందూపురం వైపు చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి నడిమధ్య చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి, వాటిని తరతరాలుగా కాపాడుతున్నది ఆ ఊరివాళ్ళే. అక్కడికి వెళ్ళినప్పుడు మీరు నిలబడేది ఒకరి ఇంటి వాకిట్లో. ముందు ఆ ఇంటివాళ్ళని పలకరించి, అప్పుడు పైకి చూడండి.

టిఫిన్, లిస్టు

తొమ్మిదికి నడక ఆపి నేరుగా టిఫిన్‌కి. దీన్ని ఎవరూ ఎగ్గొట్టకూడదు, పనుందని వెళ్ళిపోయే పాతవాళ్ళు మరీను. గట్టు మీద మాట్లాడుకోనిదంతా ఇక్కడే మాట్లాడుకునేది, కొత్తవాళ్ళు గ్రూపు మనుషులయ్యేది ఇక్కడే. ఉగ్గాని బజ్జి తప్ప వేరే ఏదీ నేను ఒప్పుకోను, దోశలైతే ఒక్కొక్కరికి ఒక్కోసారి వస్తాయి, సగం మంది తింటుంటే సగం మంది ఎదురుచూస్తారు, మాట కలవదు. ఉగ్గాని అందరికీ ఒకేసారి వస్తుంది. డబ్బులు పాతవాళ్ళు పంచుకోవాలి, మొదటిసారి వచ్చినవాళ్ళ దగ్గర తీసుకోకూడదు.

ప్లేట్లు వచ్చేలోపు లిస్టు. ఒకరు ఫోన్‌లో ఈబర్డ్ (చూసిన పిట్టల్ని నమోదుచేసే యాప్) తెరిచి రాయాలి, తర్వాత దాన్ని మిగతావాళ్ళ ఖాతాలకి పంచొచ్చు. కొత్తవాళ్ళతోనే మొదలుపెట్టండి, పాతవాళ్ళు నోరు తెరవకూడదు. పేరు గుర్తు లేకపోతే ఎలా ఉందో చెప్పమనండి. "నుదుటి మీద తెల్లగా బొట్టు పెట్టుకున్న నల్లకోడి, నీళ్ళల్లో" అంటే చాలు, నామాల కోడి అని పక్కవాళ్ళు అందిస్తారు. ఒక చిన్నపిల్ల అలా తన నోటితో వర్ణించిన పిట్టని అందరూ కలిసి పోల్చుకున్న పొద్దున్నే ఆ గ్రూపు నిలబడుతుంది.

వాదనలు వస్తాయి. అది ఫలానా గద్ద అని ఒకరు, కాదని ఒకరు. రెండు నిమిషాలు ఇచ్చి, తేలకపోతే "గద్ద" అని రాసి ముందుకు పోండి. యాప్‌లో ఆ వీలుంది. ఎవరూ గెలవనక్కర్లేదు. ఎదుటివాళ్ళ లిస్టులో తప్పులు పట్టడమే పనిగా పెట్టుకున్న పెద్దమనిషి ఒకరుంటే గ్రూపులో ఇక ఎవరూ నోరు విప్పరు, అలాంటివాళ్ళని పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పాలి, అందరి ముందు కాదు.

వాట్సాప్‌లో ఫోటోలు పెట్టుకోండి, గుడ్‌మార్నింగ్ పూలు వద్దు. గూడు ఫోటోలు, గూడున్న చోటు, గుడ్లగూబల తొర్ర ఎక్కడుందో గ్రూపులో పెట్టకూడదు. ఒక్కసారి పెట్టాక అది ఏ ఊరికి పోతుందో మన చేతిలో ఉండదు. చూడాలనుకున్నవాళ్ళు మనతో నడిచొచ్చి చూస్తారు.

బిల్లు కట్టేలోపే వచ్చే నడక ఎక్కడో, ఎన్నింటికో నోటితో చెప్పేయండి, తర్వాత మెసేజ్ పెడదామంటే జారిపోతుంది. ఈసారి కొత్తగా వచ్చినవాళ్ళలో ఒకరికి వచ్చేసారి అందరికంటే వెనక నడిచే పని అప్పగించండి, పని ఉన్న మనిషి వస్తాడు. బండ్లు తీసే ముందు గ్రూపు బైనాక్యులర్లు ఎవరి మెడలో ఉన్నాయో చూసి వెనక్కి తీసుకోండి, లెన్సు మూతలతో సహా.